విజిలక్క జ్ఞానదంతాలు

ఇరవై ఇద్దరు మగాళ్ళు బురదలో ఒకరి మీద ఒకరు పడి కాళ్ళు విరగ్గొట్టుకోబోతున్నా విజిలక్క జంకు లేకుండా వాళ్ళ మధ్యలోకి దూరిపోయేది. పళ్ళ డాక్టరు బోర్డు కనిపిస్తే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది.

ఆమె ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. సెలవు రోజుల్లో ఫుట్‌బాల్ రిఫరీ. మెడలో విజిల్ లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె విజిలక్క అయిపోయింది. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ విజిలక్కా, ఆమె అత్తగారూ చెరి సగం పంచుకుని, ఆయన వాటా కూడా వాళ్ళే మాట్లాడేసేవాళ్ళు.

మైదానంలో ఎవరికైనా తీర్పు నచ్చకపోతే "రిఫరీ గారూ, కళ్ళజోడు పెట్టుకోండి!" అని గోల చేయడం మామూలే. విన్నా విననట్టు ఊరుకోవడం రిఫరీ ధర్మం. విజిలక్క ఊరుకునేది కాదు. "మా ఆయన దుకాణం ఇక్కడికి దగ్గరే, పదండి, ముందు మీకు చేయిస్తాను!" అని అక్కడి నుంచే కేకేసేది. ఆటగాడు ఒక మాటంటే నాలుగు అప్పజెప్పేది. మిల్లు జట్టు కెప్టెన్ ఒకడున్నాడు, అందరూ బుల్‌డోజర్ అంటారు. అతనికీ ఆమెకూ మధ్య నడిచే వాగ్యుద్ధం కోసమే కొందరు ఆటకు వచ్చేవాళ్ళు. ఆట తర్వాత ఫుట్‌బాల్ సంఘం పరిశీలకుడు రిఫరీ గురించి రాసే నివేదికలో ప్రతిసారీ ఒకటే వాక్యం. "పరుగు బాగుంది, చూపు బాగుంది, మాటలు ఎక్కువ."

ఆ ఒక్క వాక్యం వల్ల ఏటా లీగ్ ఫైనల్ ఇంకెవరికో పోయేది. ఈ ఏడాది పెద్ద రిఫరీలలో ఒకాయన మోకాలు పట్టేసి కూర్చున్నాడు, ఇంకొకాయన తమ్ముడు ఫైనల్ ఆడే జట్టులోనే ఉన్నాడు. చివరికి సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, ఇష్టం లేని మందు మింగుతున్న గొంతుతో, "ఫైనల్ మీరే చేయించాలమ్మా" అన్నాడు. ఆ మైదానంలో ఫైనల్‌కు ఒక ఆడమనిషి విజిల్ ఊదడం అదే మొదటిసారి. ఆ కబురు అత్తగారు వీధి చివరిదాకా వెళ్ళి చెప్పి వచ్చింది. దారిలో తెలియనివాళ్ళు ఎదురైతే వాళ్ళకీ చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఆమె జ్ఞానదంతం తిరగబడింది.

తిరగబడటం కొత్తేం కాదు. కుడి దవడ చివర, కింది వరసలో, ఆ పన్ను ఎన్నేళ్ళుగానో సగం బయటికి సగం లోపలికి ఉండి, బుద్ధి పుట్టినప్పుడల్లా వాచేది. ఆమె ఒక లవంగం నొక్కిపెట్టి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, మళ్ళీ మరిచిపోయేది. ఈసారి లవంగాలు లొంగదీయలేకపోయాయి. చెవి దాకా సలుపు. అయినా ఆ వారం ఒక చిన్న పోటీ చేయించడానికి వెళ్ళింది. ఆట మధ్యలో ఫ్రీకిక్ తన్నమని విజిల్ గట్టిగా ఊదింది. దవడలో నిప్పుకణిక పెట్టినట్టయింది. కళ్ళు మూసుకుపోయాయి. తెరిచేసరికి బంతి గోల్‌లో ఉంది, ఒక జట్టు గంతులేస్తోంది, రెండో జట్టు చేతులు చూపిస్తూ ఆమె వైపు పరిగెత్తి వస్తోంది. బంతి చేతికి తగిలిందని వాళ్ళు. లేదని వీళ్ళు. ఆమె చూడలేదు. చూడనిది చూసినట్టు చెప్పలేక గోల్ ఇచ్చేసింది. ఆ రోజు ఎవరు ఎన్ని తిట్టినా ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు.

ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఏమైంది?" అంది అత్తగారు.

"రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం అత్తయ్యా."

అత్తగారు కూరలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరమేం లేదే?"

"నిజంగానే అంటున్నా."

"ఇన్నాళ్ళకి జ్ఞానం వచ్చిందన్నమాట. అది వచ్చాక ఇక ఆ పన్నుతో పనేముంది, పీకించేద్దాం పద" అంది అత్తగారు. ఆవిడ నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. అన్నీ కట్టుడువే. పళ్ళ విషయంలో ఆవిడకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ధైర్యానికి లోటు లేదు.

డాక్టరమ్మ పొట్టిగా, మృదువుగా ఉంది. ఎక్స్‌రే తీసి దీపం ముందు పెట్టి చూపించింది. కుడి కింది జ్ఞానదంతం నిలబడాల్సింది పోయి అడ్డంగా పడుకుని ఉంది. పిలవని పేరంటానికి వచ్చి, పక్కవాడి వీపు మీద కాళ్ళు పెట్టి నిద్రపోతున్న చుట్టంలా ఉంది. ఎడమది కొంచెం నయం, కానీ అదీ చిగురులో ఇరుక్కునే ఉంది.

"పైన ఉన్నవి రెండూ బుద్ధిమంతులే. వాటి జోలికి పోను. కింది రెండూ తీసేయాలి. వాపు తగ్గడానికి ముందు మాత్రలిస్తాను, తగ్గగానే తీద్దాం."

"మాత్రలతోనే ఫైనల్ దాకా నెట్టుకురాకూడదా?" అంది విజిలక్క. తారీకు చెప్పింది.

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "రావచ్చు. ఆ రోజే మళ్ళీ వాచిందనుకోండి, నోరు తెరుచుకోదు. ఇప్పుడు తీస్తే అప్పటికి పరిగెత్తగలరు. కానీ ఒక సంగతి. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. దాన్ని మించిన మందు లేదు. గట్టిగా ఊదినా, పీల్చినా, ఉమ్మినా ఆ మూత ఊడొస్తుంది. అప్పుడు పడే నొప్పి ముందు ఇప్పటి నొప్పి దిగదుడుపే. కాబట్టి నేను చెప్పేదాకా ఊదడం వద్దు."

"ఏం ఊదకూడదు?"

"ఏదీ."

"విజిలు?"

"అస్సలు వద్దు."

విజిలక్క అత్తగారి వైపు చూసింది. అత్తగారు ఎక్స్‌రే వైపు చూసింది. విజిల్ ఊదని రిఫరీ అంటే ఉప్పు లేని వంటలాంటిదే. కానీ ఆమెకు కళ్ళు మూసుకుపోయిన ఆ క్షణం గుర్తొచ్చింది. ఊదకుండా ఎలాగోలా నెట్టుకురావచ్చు. చూడకుండా మాత్రం కుదరదు.

"తీసేయండి" అంది.

వాపు తగ్గిన రోజు పొద్దున్నే వెళ్ళారు. కుర్చీ వెనక్కి వాలుతుంటే విజిలక్క దాని చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. తెల్ల దీపం కళ్ళలోకి వంగింది. డాక్టరమ్మ మత్తు సూది పట్టుకుని, "భయంగా ఉందా?" అంది.

"లేదు" అంది విజిలక్క. ఆమె కుర్చీ చేతులు పట్టుకున్న తీరు చూసి డాక్టరమ్మ నవ్వలేదు.

"ఎక్కడైనా నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి. నేను ఆపేస్తాను. ఎందుకని అడగను."

సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టయింది, అంతే. మెల్లగా పెదవి, నాలుక, గడ్డం ఎవరివో అయిపోయాయి. తర్వాత అంతా చప్పుడే. చిగురు కోస్తున్నా తెలియలేదు కానీ, పన్నును ముక్కలు చేసే గిర్రుమనే శబ్దం పుర్రె లోపలే మోగింది. ఒక దశలో దవడ మీద బరువు పెరిగి, ఎముక విరిగిపోతోందేమో అనిపించి, విజిలక్క చెయ్యెత్తింది.

చప్పుడు ఆగిపోయింది. డాక్టరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఒక్క మాట అనలేదు.

విజిలక్కకు ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళలో ఆమె చెయ్యెత్తితే "ఎందుకు, ఏమిటి, నేనేం చేశాను" అనకుండా ఆగిన మనిషిని చూడటం అదే మొదలు. ఊపిరి తీసుకుంది. చెయ్యి దించింది. "మొదలెట్టండి" అన్నట్టు కళ్ళు ఆడించింది. భయం అప్పుడే సగం చచ్చిపోయింది. మిగతా సగం రెండో పన్నుతో పాటు బయటికొచ్చింది.

కుట్లు వేసి, రెండు వైపులా దూది గుడ్డ పెట్టి కొరికి పట్టుకోమన్నాక, డాక్టరమ్మ చిన్న గిన్నె చూపించింది. అందులో నాలుగైదు ముక్కలుగా ఆ అడ్డం తిరిగిన పన్ను, పక్కనే రెండోది నిండుగా. విజిలక్క గిన్నెను తన చేతుల్లోకి తీసుకుని, ఓడిపోయిన జట్టు వైపు చూసినట్టు చూసింది. ఇంతోటి దానికా నేను రోడ్డు దాటి తిరిగింది! బయట కూర్చున్న అత్తగారి దగ్గరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వెళ్ళి, రెండు వేళ్ళు ఎత్తి చూపించింది.

"రెండూనా? శభాష్!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది. తమ వంతు కోసం భయపడుతూ కూర్చున్నవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే కలిసి కొట్టారు.

మత్తు దిగాక అసలు ఆట మొదలైంది. మొదటి రోజంతా చెంపకు మంచు సంచి, పక్కలో ఎత్తు దిండ్లు. మరునాటికి మొహం రెండు వైపులా పొంగి, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. భర్త దుకాణం నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగి, చాలాసేపు ఆలోచించి, "గుండ్రంగా ఉన్నావు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను చేసిన మొదటి వ్యాఖ్య అదే అయి ఉంటుంది. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వబోతే కన్నీళ్ళొచ్చాయి. ఆయన కంగారుపడి, సంచిలోంచి ఒక పలకా సుద్దముక్కా తీసి చేతికిచ్చాడు.

నోరు ఒక వేలు దూరేంత కూడా తెరుచుకోవడం లేదు. ఆకలి మాత్రం మామూలుగానే వేస్తోంది. వంటింట్లో బుట్టనిండా పళ్ళున్నాయి, డబ్బాల్లో కరకరలాడేవి ఎన్నో ఉన్నాయి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది ఆమె పని. పలక మీద "ఆకలి" అని రాసి, కింద గీత గీసి, అత్తగారికి చూపించింది.

అత్తగారు చీర కొంగు దోపింది. "పళ్ళు లేకుండా తినడం ఎలాగో ఈ ఇంట్లో నన్నడగాలి."

ఆ మాట ఊరికే అనలేదు. కట్టుడు పళ్ళు రాకముందు ఆవిడ చాలాకాలం బోసినోటితోనే నెగ్గుకొచ్చింది. బంగాళాదుంప ఉడికించి, పాలు పోసి, చెంచాకు అంటుకోనంత మెత్తగా మెదిపింది. అరటిపండు పిసికింది. జావ కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆరబెట్టింది. "ముద్దను పళ్ళవైపు పెట్టుకోకు. నాలుక మధ్యలో పెట్టి, పైకి నొక్కి, మింగు. నమలాలని గుర్తే చేసుకోకు." అలా చెప్పి, ఎదురుగా కూర్చుని, తన కట్టుడు పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేసింది. బోసినోటితో, "ఇవాళ్టి నుంచీ మనిద్దరం ఒక జట్టు" అంది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి బంగాళాదుంప తిన్నారు. భర్త పక్కన కూర్చుని రొట్టె కరకరలాడించబోతే, ఇద్దరూ కలిసి చూసిన చూపుకు ఆయన రొట్టె తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు.

మూడోనాడు కార్యదర్శి ఫోన్ చేశాడు. కబురు ఆయన చెవిన ఎలాగో పడింది. విజిలక్క ఫోన్ ఎత్తింది కానీ, "ఊఁ" తప్ప ఏమీ రాలేదు. అత్తగారు ఫోన్ లాక్కుంది.

"నేను ఆమె అత్తగార్ని. చెప్పండి."

"పళ్ళు పీకించుకున్నారట. విజిల్ ఊదలేరట. ఊదలేని రిఫరీ ఏంటమ్మా? వేరేవాళ్ళని చూసుకుంటాం. ఏమీ అనుకోవద్దు."

"అనుకుంటాం. తప్పకుండా అనుకుంటాం" అంది అత్తగారు. "ఇంతకీ మీ రూల్లో ఏముంది? విజిల్ మోగాలని ఉందా, ఊదాలని ఉందా?"

కార్యదర్శి ఆ ప్రశ్నను దాటేశాడు.

"ఆమె అసలు మాట్లాడలేకపోతోంది కదమ్మా!"

"మా కోడలు మాట్లాడదు. ఆడిస్తుంది."

ఆయన మెత్తబడలేదు కానీ, ఫైనల్‌కు ముందు మైదానానికి వచ్చి పరుగు పరీక్ష ఇవ్వాలని, అప్పుడు చూసి నిర్ణయిస్తామని చెప్పి పెట్టేశాడు. విజిలక్క పలక అందుకుని, "విజిల్ ఎలా?" అని రాసింది. దానికి జవాబు భర్త దగ్గర దొరికింది. ఆ సాయంత్రం ఆయన ఆటసామాన్ల కొట్టుకు వెళ్ళి, అరచేతిలో ఇమిడే నల్లటి విజిల్ తెచ్చాడు. బొటనవేలితో మీట నొక్కితే చాలు, కీచుమని మోగుతుంది. ఊపిరితో పనిలేదు.

మోగడం తేలికే. వేలికి నేర్పడమే కష్టం. ఎన్నో ఏళ్ళుగా తప్పు కనబడగానే చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళే అలవాటు. మొదట్లో ఆమె ఆ నల్ల విజిల్‌ని పెదవులకు ఆనించుకుని, నాలుక కరుచుకుని, ఆ తర్వాత నొక్కేది. ఆ లోపు ఫౌల్ చేసినవాడు ఇంటికి వెళ్ళి భోజనం చేసి రావచ్చు. అత్తగారు శిక్షణ మొదలుపెట్టింది. కూర తరుగుతూ తరుగుతూ హఠాత్తుగా "ఫౌల్!" అని అరిచేది. విజిలక్క ఎక్కడున్నా నొక్కాలి. ఆలస్యమైతే, "మళ్ళీ!" అనేది. రెండు రోజులయ్యేసరికి ఇల్లంతా విజిల్ చట్టం కిందికి వచ్చేసింది. భర్త బూట్లతో వంటింట్లో అడుగుపెడితే కీచుమనేది, ఆమె వేలు గుమ్మం వైపు చూపించేది. ఆయన మారుమాట లేకుండా వెనక్కి తిరిగేవాడు. పక్కింటివాళ్ళు కిటికీ లోంచి చూసి, "ఏంటండీ, మీ ఇంట్లో ఏమైనా లీగ్ జరుగుతోందా?" అని అడిగారు.

నొప్పి ఒక్కసారిగా పోలేదు. ఒక మధ్యాహ్నం ఎడమ దవడలో కొత్తగా పోటు మొదలై, గడ్డ ఊడిపోయిందేమోనని ఆమె బెదిరిపోయింది. డాక్టరమ్మ చూసి, "మూత భద్రంగా ఉంది. కుట్టు కొస నాలుకకు గుచ్చుకుంటోంది, అంతే" అని కత్తిరించి పంపింది. ఆ తర్వాత రోజురోజుకీ వాపు దిగుతూ వచ్చింది. చెంపలు ముందు నీలంగా, తర్వాత పసుపు పచ్చగా మారాయి. నోట్లో ముందు ఒక వేలు దూరింది, తర్వాత ఒకటిన్నర. డాబా మీద మెల్లగా నడక, తర్వాత వడి నడక, తర్వాత పరుగు. గంతులేసినప్పుడు దవడలో ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది. తట్టనీలే, తెరిచేది లేదు అనుకునేది.

పరీక్ష రోజు కార్యదర్శితో పాటు సంఘం పెద్దలు ఇద్దరు వచ్చి నీడలో కుర్చీలు వేసుకున్నారు. విజిలక్క మైదానం చుట్టూ పరిగెత్తింది, అడ్డంగా పరిగెత్తింది, వెనక్కి పరిగెత్తింది. ఆగమన్న చోట ఆగి నొక్కింది. ఊపిరి తప్ప నోట్లోంచి ఏమీ రాలేదు. పెద్దలిద్దరూ తలలూపారు. కార్యదర్శి మాత్రం చేతులు కట్టుకుని, "పరుగు సరే. ఆ మిల్లు కెప్టెన్ మీదికొస్తే? నోరు లేకుండా ఎలా అదుపు చేస్తారు?" అన్నాడు.

విజిలక్క పలక వైపు చెయ్యి చాపేలోగా, గట్టు మీద కూర్చున్న అత్తగారు లేచింది.

"అయ్యా, ఇన్నేళ్ళుగా మాటలు ఎక్కువ, మాటలు ఎక్కువ అని రాసింది మీ వాళ్ళే కదా? ఇప్పుడు మాటలే లేవు. ఇంకేం కావాలి మీకు?"

పెద్దలిద్దరూ ఫక్కున నవ్వారు. కార్యదర్శి నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. "సరే, కానివ్వండి" అన్నాడు.

ఫైనల్ మిల్లు జట్టుకూ, ఫైర్ స్టేషన్ జట్టుకూ. మైదానం చుట్టూ మెట్లన్నీ జనంతో నిండిపోయాయి. విజిలక్క మధ్య గీత మీద నిలబడి బొటనవేలితో మీట నొక్కింది. అలవాటైన విజిల్ మోత కాక సన్నటి కీచు వినబడేసరికి జనంలోంచి నవ్వులు లేచాయి. "కోడిపిల్ల కూసింది!" అన్నాడెవడో. ఆమె చెవిన పడింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, మంచి జవాబే. నాలుక చివరే ఆగిపోయింది. నోరు తెరిచి అంత గట్టిగా అరిస్తే దవడ ఊరుకోదు. ఆమె బంతి వెంట పరిగెత్తింది.

ఆట మొదలైన కాసేపటికే బుల్‌డోజర్ వచ్చాడు. ఏదో గీత దాటిన బంతి ఎవరిదన్న తగాదా. "ఏంటి మేడం, అది మాది! కనబడలేదా? చెప్పండి! ఎలా ఇస్తారు వాళ్ళకి?" మామూలుగా అయితే ఇక్కడ ఆట ఆగి, ఇద్దరూ చెరో పక్క నుంచి దంచుకునేవాళ్ళు. విజిలక్క బంతి పడ్డ చోటు చూపించింది. అతని కళ్ళలోకి చూసింది. అంతే. అతను ఇంకో మాటన్నాడు. ఆమె చూస్తూనే ఉంది. ఇంకొకటన్నాడు. ఒక చేత్తో చప్పట్లు మోగవు కదా. అతని మాటలు అతనికే వినబడి, ఇబ్బందిగా మెడ గోక్కుని వెళ్ళిపోయాడు. ఆమెకు ఒంట్లోకి కొత్త బలమేదో వచ్చినట్టయింది. జవాబుల కోసం వెతుక్కునే పని లేకపోయేసరికి కళ్ళకు ఎంత తీరిక దొరికిందో! ఎవడు చొక్కా లాగుతున్నాడో, ఎవడు దెబ్బ తగలకుండానే పడబోతున్నాడో అన్నీ ముందే కనిపిస్తున్నాయి.

విరామం వేళ అత్తగారు గోరువెచ్చటి జావ గ్లాసు అందించింది. "దవడ ఎలా ఉంది?" అంది. ఆమె బొటనవేలు పైకెత్తింది.

చెరో గోల్‌తో ఆట చివరికొచ్చింది. అందరూ అదనపు సమయం గురించి అనుకుంటుండగా మిల్లు జట్టుకు కార్నర్ దొరికింది. బంతి గాల్లోంచి వంపు తిరుగుతూ వచ్చింది. గుంపులో ఒక మిల్లు కుర్రాడు ఎగిరాడు. బంతి అతని మోచేతి పైన తగిలి, కాలి ముందు పడింది. అతను తన్నాడు. వల ఊగింది. మెట్ల మీద సగం జనం లేచి నిలబడి గర్జించారు.

విజిలక్క చూసింది. రెండు కళ్ళూ తెరుచుకుని, రెప్ప వేయకుండా, స్పష్టంగా చూసింది. మీట నొక్కింది. తన మోచేతి పైభాగం తట్టి చూపించి, చెయ్యి అవతలి వైపు చాపింది. గోల్ లేదు.

గర్జన కాస్తా కేకలుగా మారింది. బుల్‌డోజర్ ముందు, అతని వెనక జట్టు జట్టంతా ఆమె మీదికి దూసుకొచ్చారు. చుట్టూ చెమట వాసన, బురద, ఊగే చేతులు. "అన్యాయం!" "చెప్పండి మేడం!" "నోరు తెరవండి!" ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. జేబులోని కార్డు ముట్టుకోలేదు. ఒక చెయ్యి పైకెత్తి, అరచెయ్యి చూపిస్తూ, అలాగే నిలబడింది. చెంపల మీద పసుపు పచ్చటి మచ్చలు ఇంకా పోలేదు. కళ్ళలో మాత్రం భయమూ లేదు, కోపమూ లేదు. తుఫాను వెలిసేదాకా గొడుగు పట్టుకు నిలబడ్డ మనిషిలా ఉంది.

అరిచి అరిచి ఒక్కొక్కడే తగ్గాడు. చివరికి బుల్‌డోజర్ ఒక్కడే మిగిలాడు. అతను ఆమె మొహంలోకి చూసి, ఏమనుకున్నాడో, గిరుక్కున వెనక్కి తిరిగి గోల్ కొట్టిన కుర్రాడిని అడిగాడు.

"చేతికి తగిలిందా?"

ఆ కుర్రాడు బూట్ల వైపు చూశాడు.

"నిన్నే అడిగేది. తగిలిందా లేదా?"

"తగిలిందన్నా" అన్నాడు, వినీ వినబడకుండా.

బుల్‌డోజర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "నడవండ్రా. ఆడదాం" అన్నాడు. జట్టు అతని వెంట నడిచింది. మెట్ల మీద కేకలు సద్దుమణిగాయి. అప్పుడే ఎక్కడో ఒక మగ గొంతు, ఎన్నడూ వాడక తుప్పు పట్టిన గొంతు, ఒక్కసారిగా లేచింది.

"అదీ! అదీ మా ఆవిడంటే!"

కళ్ళజోళ్ళ దుకాణం మనిషి బెంచీ ఎక్కి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. పక్కనున్న అత్తగారు నోరు వెళ్ళబెట్టి కొడుకు వైపు చూస్తోంది. ఆవిడకు మాట పడిపోవడం ఎవరూ ఎరగరు. అటు మిల్లు వాళ్ళు, ఇటు ఫైర్ స్టేషన్ వాళ్ళు గొల్లున నవ్వారు, ఆ నవ్వు చప్పట్లయింది, ఆ చప్పట్లు మెట్లన్నీ చుట్టి వచ్చాయి. ఒక రిఫరీ కోసం ఆ మైదానం అలా మోగడం అంతకుముందు ఎవరూ వినలేదు. విజిలక్క చెవులు ఎర్రబడ్డాయి. ఆట మొదలెట్టమని మీట నొక్కింది.

అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలలో ఫైర్ స్టేషన్ గోల్‌కీపర్ చివరి బంతిని వేళ్ళ కొసలతో బయటికి నెట్టి కప్పు గెలిపించాడు. ఓడిన మిల్లువాళ్ళు గడ్డి మీద కూలబడ్డారు కానీ, ఒక్కడు కూడా రిఫరీ వైపు వేలు చూపలేదు. బహుమతుల వేళ పరిశీలకుడు ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, "ఈసారి నాకు రాయడానికి వాక్యమే దొరకడం లేదమ్మా" అన్నాడు. కార్యదర్శి పతకం ఆమె మెడలో వేస్తూ, మైకులో, "వచ్చే ఏడాది ఫైనల్ కూడా..." అని మొదలుపెట్టాడు. మిగతాది చప్పట్లలో కొట్టుకుపోయింది.

రిఫరీల గదిలో విజిలక్క బూట్లు విప్పుకుంటుండగా తలుపు చప్పుడైంది. బుల్‌డోజర్. బురద కూడా కడుక్కోలేదు. అంత మనిషీ గుమ్మంలో ఒదిగి నిలబడ్డాడు. ఆమె పక్కనున్న అత్తగారు చేతిలోని గొడుగు గట్టిగా పట్టుకుంది.

"గొడవకి రాలేదు పెద్దమ్మా" అన్నాడతను గబగబా. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఎడమ చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. "మేడం... ఆ పళ్ళ డాక్టరమ్మ ఎవరు? నాకూ ఇక్కడ చివర్లో ఒకటి... ఏడాది నుంచీ చంపేస్తోంది. మా వాళ్ళెవరికీ చెప్పలేదు. మీరు అంత నొప్పి పెట్టుకుని అలా నిలబడటం చూశాక, నాకు సిగ్గేసింది. బాగా నొప్పెడుతుందా?"

విజిలక్క అతని వైపు చూసింది. ఆ భుజాలు, ఆ మెడ, దెబ్బలు తిని రాటుదేలిన ఆ మోకాళ్ళు. ఆ కళ్ళలో మాత్రం తనకు బాగా తెలిసిన బెదురు. ఆమెకు నవ్వొచ్చింది. పెదవులు బిగబట్టి ఆపుకోబోయింది, ఆగలేదు. పళ్ళు తీయించుకున్నాక మొదటిసారి నోరారా నవ్వింది. దవడ లాగింది, కళ్ళు చెమ్మగిల్లాయి, అయినా నవ్వుతూనే ఉంది. ముందు అత్తగారూ, తర్వాత చెంప మీద చెయ్యి తీయకుండానే బుల్‌డోజరూ ఆ నవ్వులో కలిశారు.